పులవని ముంత

ఉలిగమ్మకు నలభై ఒకటి. కల్లు ముంతల పక్కగా నడవాల్సి వచ్చినప్పుడు రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నడుస్తుంది.

పెండ్లయిన మూడో వారం నుంచీ ఉన్న అలవాటు అది. ఆమె చెయ్యి తగిలింది ఏదీ పులియదు. రాత్రి పాలు తోడేస్తే తెల్లారి కూడా పాలుగానే ఉంటాయి. ఇడ్లీపిండి రుబ్బితే రెండో రోజుకైనా గిన్నెలో ఎక్కడిదక్కడే ఉంటుంది. మిగిలిన సంగటి ముద్ద మూడో నాటికి కూడా అప్పుడే దించినట్టు ఉంటుంది. వేరే ఇల్లయితే పెరుగు పక్కింటి నుంచి తెచ్చుకుని సర్దుకునేవాళ్లు. కానీ ఆమెను ఇచ్చింది కల్లు గీసే ఈడిగవాళ్ల ఇంట్లో. పొద్దున ఈతచెట్టు మీంచి దించిన నీళ్లు మధ్యాహ్నానికి పులిసి నురగ కక్కితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కొత్త కోడలు ముట్టుకున్న ఆరు ముంతలు సాయంత్రానికి కూడా తియ్యగానే ఉన్నాయి. తాగడానికి వచ్చినవాళ్లు "ఇదేం పానకమప్పా, ఈ పొద్దు శ్రీరామనవమా?" అని ఉమ్మేసి పోయారు. అప్పుడు అత్త కదిరమ్మ ఆమెను వాకిట్లో నిలబెట్టి చెప్పింది.

"ఇంగ నీ చేతులు ముంతల మీద పడినాయంటే ఇంట్లోకి రావద్దు. శెనక్కాయ చేలోకి పో, యాడికన్నా పో."

అట్లా ఇరవై నాలుగేళ్లు ఉలిగమ్మ ఇతరుల చేలల్లో శెనక్కాయలు పెరికింది, కలుపు తీసింది, రాళ్లు ఏరింది. ఇంట్లో ఈతచెట్లు ముప్పై ఆరు. వాటి కింద నడిచినప్పుడల్లా చేతులు కొంగులో.

ఊళ్లో ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. కొందరిది ఎడమచేతి వాటం, కొందరివి పిల్లికళ్లు, ఉలిగమ్మది పులవని చెయ్యి. పైగా అక్కరకొచ్చే చెయ్యి. రొద్దం దగ్గర, ఇసక తప్ప నీళ్లు కనబడని పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఎవరైనా చనిపోతే, బెంగళూరులో కట్టడం పనికి పోయిన కొడుకో కూతురో రావడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. ఐసు పెట్టె హిందూపురం నుంచి రావాలి. దానికి బదులు ఉలిగమ్మను పిలిచేవాళ్లు. ఆమె వచ్చి తలాపున కూర్చుని శవం నుదుటి మీద కుడిచెయ్యి పెట్టేది. ఎండాకాలమైనా సరే, మనిషి నిద్రపోతున్నట్టే ఉండేవాడు. రావాల్సినవాళ్లు వచ్చి ఏడ్చినాక ఆమె వంగి ఆ చెవిలో "ఇంగ పొయ్‌రా" అనేది. చెయ్యి తీసేస్తే చాలదు, నోటితో చెప్పాలి. చెప్పిన గడియకు వాసన మొదలయ్యేది, మగవాళ్లు పాడె ఎత్తేవాళ్లు. ఆమెకు ఒక పూట అన్నం పెట్టేవాళ్లు. అది కూడా వాకిట్లోనే.

రెండేళ్లుగా ఆమె ఏ చావుకూ పోవడం లేదు.

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక పొద్దున, గూట్లోంచి ఒక ముంత దొర్లి కింద పడబోతే ఉలిగమ్మ ఆలోచించకుండా రెండు చేతులతో పట్టేసింది. కదిరమ్మ చూసింది. భర్త యల్లప్ప నవ్వి, ఆ ముంతను ఆమె చేతుల్లోంచే తీసుకుని నడుముకు కట్టుకున్నాడు.

"ఉండనీలేమ్మా. ఒగ దినం తియ్యగా తాగితే ఈ నాకొడుకులు యాం సచ్చిపోరులే."

వంక పక్కన ఉన్న పెద్ద ఈతచెట్టు ఎక్కి, గాటు పెట్టి, ఆ ముంత కట్టి, దిగబోతూ ఆయన పడ్డాడు. హిందూపురం ఆసుపత్రికి చేరకముందే, టెంపోలో, ఉలిగమ్మ ఒడిలో ప్రాణం పోయింది. కోలారులో ఉన్న ఆడబిడ్డ రావడానికి రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ ఉలిగమ్మ చెయ్యి ఆయన నుదుటి మీదే ఉంది. ఆడబిడ్డ వచ్చి, గుండెలు బాదుకుని, అలిసిపోయినాక అందరూ ఉలిగమ్మ వైపు చూశారు. ఆమె చెయ్యి తీసింది. నోరు తెరవలేదు.

"చెప్పవే" అంది కదిరమ్మ. "వాన్ని పంపించవే."

ఆమె చెప్పలేదు. యల్లప్పను అట్లే, నిద్రపోతున్న మనిషిని ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోయి పూడ్చారు. మట్టి దిబ్బ మామూలుగా ఒక వానకు కుంగుతుంది. రెండు వానాకాలాలు పోయినా ఆ దిబ్బ పోసిన రోజు ఎంత ఎత్తు ఉందో అంతే ఎత్తు ఉండిపోయింది. కదిరమ్మ ప్రతి అమావాస్యకూ పోయి దాన్ని చూసి వచ్చేది. వచ్చి, కోడలికి వినబడేటట్టు గోడతో చెప్పేది.

"నా కొడుకు మట్టిలో కూడా మట్టి కాకుండా పండుకోనుండాడు."

కోడలితో నేరుగా మాత్రం మాట్లాడేది కాదు.

యల్లప్ప పడిన చెట్టును ఎవరూ ముట్టుకోలేదు. మనిషిని పడేసిన చెట్టును మూడేళ్లు గీయకూడదని, దాని మట్ట కూడా నరకకూడదని ఆ వైపు ఈడిగవాళ్ల పట్టింపు. మిగతా ముప్పై అయిదు చెట్లూ మరిది ఓబుళప్ప గీస్తున్నాడు. గీత సంఘంలో ఉన్న కట్టుబాటు ప్రకారం, చనిపోయిన సభ్యుడి చెట్లను రెండేళ్లలోగా ఆ ఇంట్లో ఎక్కగలిగిన మనిషి ఎక్సైజు ఆఫీసరు ముందు చెట్టెక్కి చూపించి, గీత కార్డు తన పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే చెట్లు సంఘంలో ఇంకొకరికి పోతాయి. ఉలిగమ్మకు కొడుకులు లేరు. కూతురు గౌరి తొమ్మిదో తరగతి. చెట్లు పోతే ఇద్దరూ బెంగళూరు బస్సెక్కి ఇటుకలు మొయ్యడమే. గడువు ఆ ఏడు, అంటే 2005లో, మాఘం ఆఖరు దాకా ఉంది.

ఆ చలికాలంలోనే పెనుకొండ రోడ్డులో ఒక రేకుల షెడ్డు లేచింది. దాని ముందు 'జీవ ఇంధనం' అని పచ్చ రంగుతో రాశారు. బెంగళూరువాళ్ల కంపెనీ. దాని మేనేజరు క్రాంతి కుమార్ అనే హిందూపురం మనిషి, ప్యాంటు మడతలు చెదరకుండా గీత సంఘం కొట్టంలో కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పాడు. ఈతనీళ్లతో బండ్లు నడిపే నూనె తీస్తామని.

"మనుషులు తాగితే పడిపోతారు, బండ్లు తాగితే నడుస్తాయా సామీ?" అన్నాడు ఓబుళప్ప.

అందరూ నవ్వారు. వెనక నిలబడ్డ చౌడక్క, ఉలిగమ్మ పక్కింటామె, గొంతు తగ్గించకుండానే అంది. "మంచిదే కదప్పా. బండి తాగొచ్చి పెండ్లాన్ని కొట్టదు. ఇన్నాళ్లకు ఒక మంచి తాగుబోతు దొరికినాడు ఈ ఊరికి."

ఈసారి ఆడవాళ్లు మాత్రమే నవ్వారు.

క్రాంతి కుమార్ షరతులు చెప్పాడు. ముంతలో పాత మడ్డి ఉండకూడదు. మరిగిన నీళ్లతో కడగాలి. చెట్టు మీద ముంత మూతికి సన్నగుడ్డ కట్టాలి, ఈగా చీమా పడకూడదు. కత్తి కడగాలి, చేతులు కడగాలి. పులవకుండా ఉంటుందని సున్నం పూయకూడదు. తెల్లారకముందే దించి, కంపెనీ ఇచ్చిన క్యాన్లలోకి వడగట్టి, టెంపోలో వెయ్యాలి. షెడ్డుకు తియ్యగా చేరాలి. పులిసి వస్తే తీసుకోరు. కల్లంగడి కంటే మంచి రేటు.

"తియ్యగా వస్తే మీరు దాన్ని ఏం చేస్తారు సార్?" అని ఎవరో అడిగారు.

"అది కంపెనీ రహస్యం" అన్నాడు క్రాంతి కుమార్. ఆ ఒక్క మాటకు తరవాత ఆయన చాలా రోజులు చింతించాడు.

మొదటి మూడు రోజులూ క్యాన్లన్నీ వెనక్కి వచ్చాయి. కడగడమంటే మగవాళ్లకు తెలిసింది ముంతలో చెంబెడు నీళ్లు పోసి గిరగిరా తిప్పి పారబోయడమే. పెనుకొండ చేరేసరికి మూతలు పొంగి నురగ కారేది. షెడ్డులో పరీక్ష చేసే అమ్మాయి, ధర్మవరం మగ్గాల వీధిలో పుట్టి ఎమ్మెస్సీ చదివిన దీపిక, గాజుగొట్టం ముంచి చూసి తల అడ్డంగా ఊపేది. క్యాన్లు రోడ్డు పక్క గుంతలో పారబోసేవాళ్లు. అక్కడి కుక్కలు మూడు రోజులు దారి మధ్యలోనే నిద్రపోయాయి.

నాలుగో రోజు తెల్లారుజామున కదిరమ్మ వచ్చి, రెండేళ్ల తరవాత మొదటిసారి కోడలి ఎదుట నిలబడింది.

"ఏమే, నీ చేతులు యాడ పెట్టుకోనుండావు?"

"కొంగులో అత్తా."

"తియ్‌ బయటికి."

ఇరవై నాలుగేళ్ల నిషేధం రెండు మాటల్లో తీరిపోయింది. ఆ చేతులు బాగున్నాయా, నొస్తున్నాయా అని అడిగిన నోరు లేదు. ఉలిగమ్మ ఓబుళప్ప ముంతలు కడిగింది. మరిగిన నీళ్లు పోసి, పీచుతో లోపలంతా తోమి, ఎండలో బోర్లించి, పొగ పట్టించి. మరునాడు క్యాన్లు పెనుకొండ చేరినప్పుడు పొద్దున దించినంత తియ్యగా ఉన్నాయి. దీపిక గొట్టం ముంచి, మళ్లీ ముంచి, నాలిక మీద వేసుకుని, తలూపింది. మూడు రోజులాగి మిగిల్చిన శాంపిలు చూస్తే అదీ అంతే.

వారానికి ఊళ్లోని గీతగాళ్లందరి ముంతలూ ఉలిగమ్మ వాకిట్లోకి చేరాయి. నూటా ఇరవై ముంతలు. పొద్దు వాలేవేళకు మొదలుపెడితే వేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడేవి. చెట్టెక్కినవాడికి లీటరుకు ఇంత అని రేటు ఉంది. టెంపో నడిపేవాడికి ఉంది. గుడ్డలు అమ్మినవాడికి ఉంది. కడిగినదానికి రేటు లేదు. ఎందుకంటే కడగడం పని కాదు, అది ఆడవాళ్లు ఎట్లాగూ చేసేదే.

కంపెనీవాళ్లు 'పరిశుభ్ర సేకరణకు ఏడు సూత్రాలు' అని ఒక కరపత్రం అచ్చేయించారు. దాని మీద ఓబుళప్ప బొమ్మ, చేతిలో మెరిసే ముంతతో. లేపాక్షి నుంచి, మడకశిర నుంచి గీతగాళ్లు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. ఓబుళప్ప వాళ్లకు ఏడు సూత్రాలూ అప్పజెప్పేవాడు. వాళ్లు వెళ్లి ఏడూ పాటించేవాళ్లు, కొంతవరకు బాగుపడేవాళ్లు, కానీ మధ్యాహ్నానికి పులిసేది. ఎనిమిదో సూత్రం వాకిట్లో గొంతుక్కూర్చుని ముంతలు తోముతూ ఉండేది. అది కరపత్రంలో లేదు.

ఒక సాయంత్రం ఉలిగమ్మ తల ఎత్తకుండానే అంది. "ఓబుళప్పా, మీ అన్న చెట్లు నా పేరుతో రాయిస్తావా? గడువు నెల కూడా లేదు."

"రాయిస్తా వదినా. చెట్టెక్కి చూపిచ్చు, రాయిస్తా" అన్నాడు అతను. పక్కన ఉన్నవాళ్లు కూడా నవ్వేటట్టు చూసుకుని మళ్లీ అన్నాడు. "కొంగు నడుముకు దోపుకోని ఎక్కుతావా, నోట్లో కరుచుకోని ఎక్కుతావా?"

"నువ్వు పంచె యాడ కరుచుకోని ఎక్కుతాండావో ఆడనే" అంది చౌడక్క దారిన పోతూ.

ఆ మరునాడు మధ్యాహ్నం, మగవాళ్లు తాగి నిద్రపోయే వేళ, ఉలిగమ్మ యల్లప్ప చెట్టెక్కే మోకు, కత్తి దూలం మీంచి దించింది. ఆడది కత్తి ముట్టుకుంటే చెట్టు ఎండిపోతుందని ఆ ఇంట్లో నమ్మకం. చేతులు ముట్టుకుంటే కల్లు చెడిపోతుందని వెళ్లగొట్టిన ఇంట్లోనే, అదే చేతులు నూటా ఇరవై ముంతల్ని కాపాడుతున్నాయి కాబట్టి, ఆమెకు ఆ నమ్మకం మీద పెద్దగా గౌరవం మిగల్లేదు. చౌడక్క దారి మలుపులో గొర్రెలు మేపుతున్నట్టు నిలబడింది. గౌరి చెట్టు మొదట్లో నిలబడింది.

"అమ్మా, నాయన కుడికాలు ముందేసేవాడు" అంది గౌరి.

మొదటి రోజు మనిషి ఎత్తు. రెండో రోజు తొడలు గీరుకుపోయాయి, పసుపు రాసుకుంది. ఎనిమిదో రోజుకు మట్టల దాకా పోయింది. పన్నెండో రోజుకు మోకు నడుముకు ఆనించి రెండు చేతులూ వదిలి నిలబడగలిగింది. పనస తొన మీది పొర ఒలిచినట్టు సన్నగా గాటు తియ్యాలని యల్లప్ప ఎవరితోనో చెబుతుంటే ఎన్నిసార్లు విన్నదో. విన్నది చేతుల్లోకి దిగడానికి మూడు చెట్లు పట్టింది.

ఇంతలో షెడ్డులో గొడవ మొదలైంది. తియ్యటి ఈతనీళ్లతో మూడు ట్యాంకులు నింపారు. అందులో వాళ్లు తెప్పించిన ఈస్టు వేశారు. ఈస్టు వేస్తే రెండు రోజుల్లో పులిసి, బుడగలొచ్చి, స్పిరిట్‌ అవ్వాలి. పదిహేను రోజులైనా ఒక్క బుడగ రాలేదు. ఈస్టు మార్చారు. వేడి చేశారు. చల్లార్చారు. బెంగళూరు నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి గడ్డం గోక్కుని వెళ్లాడు. శుక్రవారం కంపెనీ ఓనరు వస్తున్నాడు.

సోమవారం దీపిక, క్రాంతి కుమార్ ఇద్దరూ టెంపోలో ఊరికొచ్చారు. దీపిక ముంతలు ఎక్కణ్నుంచి వస్తాయో చూడాలని చెట్ల దాకా నడిచి, అక్కడి నుంచి వెనక్కి వచ్చి, ఉలిగమ్మ వాకిట్లో ఆగింది.

"ఇవన్నీ మీరొక్కరే కడుగుతారా అక్కా?"

"ఇంకెవరు కడుగుతారు పాపా."

"అంటే అన్ని ముంతలూ మీ చేతుల్లోంచే పోతాయి."

"ఆ యమ్మ చెయ్యి తగిలితే ఏదీ పులవదు మేడం" అన్నాడు ఓబుళప్ప, సందేహం తీర్చినట్టు. "అందుకే కదా కడిగిస్తాండేది."

క్రాంతి కుమార్ ఓబుళప్ప మీదికి తిరిగాడు. "షెడ్డుకు వచ్చినాక మేమే పులియబెట్టాలి కదయ్యా! పులిస్తేనే కదా స్పిరిట్‌! ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?"

"మీరు పులవగూడదన్నారు కదా సార్‌" అన్నాడు ఓబుళప్ప. "ఆ తరవాత సంగతి రహస్యమన్నారు."

దీపిక నవ్వు ఆపుకుంది. ఇంకొకామెతో కడిగిస్తే? దారిలోనే పులుస్తుంది, వెనకటి కథే. ఉలిగమ్మ కడిగితే? ఎప్పటికీ పులియదు. ఆ అమ్మాయి ఉలిగమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పెరిగిన పిల్ల, నేల మీద కూర్చోవడం వచ్చు.

"అక్కా, మీరు పట్టుకున్నదాన్ని వదిలిపెట్టే ఉపాయం ఏదైనా ఉందా?"

ఉలిగమ్మ ముంత తోముతూనే ఉంది. కదిరమ్మ చెప్పింది, గడప మీంచి.

"ఉండాది. పొయ్‌రా అని చెప్పల్ల. శవాలకు చెప్పేది. పాలకూ కల్లుకూ కూడా చెప్పొచ్చునని మాకెవరికీ తట్టల్యా. తట్టింటే ఇన్నేండ్లు దీన్ని చేలకు తోలకపోదును. కానీ అది చెప్పదు. కట్టుకున్నోనికే చెప్పల్యా."

"శుక్రవారం లోపల చెప్పమ్మా" అన్నాడు క్రాంతి కుమార్. "నీ పేరు కరపత్రంలో వేయిస్తాను. చీర పెట్టిస్తాను."

ఉలిగమ్మ చేతిలోని ముంత కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"మాట నా కాడ ఉండాది సార్‌. కార్డు ఎక్సైజోళ్ల కాడ ఉండాది. ఎక్సైజు ఆఫీసరును పిలిపించండి. చెట్టెక్కుతా."

ఓబుళప్ప మొహం మాడిపోయింది. కానీ షెడ్డు మూతబడితే మంచి రేటు కూడా పోతుంది. ఊరు ఊరంతా అతన్నే చూస్తోంది. అతను తప్పించుకునే దారి వెతుక్కున్నాడు, దొరికింది.

"ఎక్కనీలే సార్‌. అయితే మా గీతలో ఉండే చెట్లు ఆడది ఎక్కితే మైల. గీతలో లేని చెట్టు ఒగటే ఉండాది ఆ ముప్పై ఆరింట్లో. దాన్ని ఎక్కమనండి."

అందరికీ అర్థమైంది ఏ చెట్టో. కదిరమ్మ గడప మీది నుంచి లేచి లోపలికి పోయింది.

బుధవారం పదింటికి ఆఫీసరు జీపు దిగాడు. కళ్లజోడు సవరించుకుని, ఫైలు తిరగేసి, "ఇంతవరకు ఆడమనిషి ఎవరూ అడగలేదే" అన్నాడు.

"ఇప్పుడు అడిగింది కదా సార్‌" అంది దీపిక.

వంక పక్కన పెద్ద ఈతచెట్టు కింద ఊరు ఊరంతా నిలబడింది. ఉలిగమ్మ చీరను గోచీ పోసి కట్టుకుంది. మోకు చెట్టు చుట్టూ వేసి నడుముకు బిగించుకుంది. నోట్లో ఏమీ కరుచుకోలేదు. కుడికాలు ముందేసింది.

ఈతచెట్టును ఒక ఏడు ఒక వైపు గీస్తే, మరు ఏడు ఇంకొంచెం పైన రెండో వైపు గీస్తారు. అందుకని బాగా గీసిన చెట్టు వంకరటింకరగా, మెట్లు మెట్లుగా లేస్తుంది. ఒక్కో గాటు ఒక్కో ఏడు. ఉలిగమ్మ కాళ్లు ఆ గాట్లలోనే పడ్డాయి. కింది గాట్లు మామవి. వాటి మీద మొదటిది కొంచెం లోతుగా, తొందరగా నరికినట్టు ఉంది. యల్లప్ప తొలిసారి కత్తి పట్టిన ఏడు. ఇంకో రెండు దాటితే వాళ్ల పెండ్లి. ఆ పైన కరువు ఏడు, గాటు సన్నగా ఉంది. ఆ పైన పుట్టి పోయిన మగపిల్లవాడి ఏడు. ఆ పైన సారా అంగడి మూయించాలని ఆడవాళ్లంతా రోడ్డు మీద కూర్చున్న ఏడు, కల్లు తాగే మొగుడు "బాగ చేసినారమ్మే" అని ఆమెకు మజ్జిగ తెచ్చిచ్చిన ఏడు. గౌరి పుట్టింది అంతకు ముందే, ఒక గాటు కింద. ఆమె ఒక్కో ఏటి మీద కాలు పెట్టి, ఊపిరి తీసుకుని, పైకి పోయింది. కింద అందరూ తలలెత్తి చూస్తున్నారు. ఓబుళప్ప కూడా.

చివరి గాటు దగ్గర, మట్టల కింద, రెండేళ్ల కిందట ఆమె చేత్తో పట్టుకున్న ముంత అట్లాగే కట్టి ఉంది.

తాడు నల్లబడింది కానీ తెగలేదు. ముంత నిండా ఈతనీళ్లు. రెండు వానాకాలాలూ, రెండు ఎండాకాలాలూ దాని మీదుగా పోయాయి. ఒక్క చీమ లేదు, ఒక్క బూజు పోగు లేదు. ఆ నీళ్లు తేటగా, మాఘమాసపు పొద్దున పడినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లా ఉన్నాయి. అందులో ఆమె మొహం కనబడింది. ఆమె వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

తియ్యగా ఉంది.

ఉలిగమ్మ నుదురు చెట్టుకు ఆనించింది. ఎంతసేపు అట్లా ఉందో కింద ఉన్నవాళ్లెవరూ లెక్కపెట్టలేదు. ఆఫీసరు ఒకసారి గడియారం చూసుకోబోయి మానుకున్నాడు. గుంపు వెనక కదిరమ్మ వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

ఆమె ముంత మూతి దగ్గరికి వంగింది. శవం చెవి దగ్గరికి వంగినట్టే.

"ఇంగ పొయ్‌రాప్పా" అంది. "నేను చూసుకుంటా."

అంత పైనుంచి అంత మెల్లగా అన్న మాట కింద అందరికీ వినబడింది. ముంతలో ముందు ఒక్క బుడగ లేచింది. తరవాత పది. తరవాత తెల్లటి నురగ మూతి దాటి, తాడు మీదుగా, చెట్టు మీదుగా, ఒక్కో గాటులో ఆగుతూ కిందికి కారింది. పుల్లటి వాసన వంకంతా నిండింది. ఆమె కత్తి తీసి, తొన మీది పొరంత సన్నగా కొత్త గాటు పెట్టి, ముంత విప్పుకుని దిగింది.

ఆఫీసరు జీపు బానెట్‌ మీద కార్డు పెట్టి సంతకం చేశాడు. ముద్ర వేస్తుండగానే క్రాంతి కుమార్‌ సెల్లు మోగింది. పెనుకొండ నుంచి షెడ్డు వాచ్‌మన్. "సార్‌, మూడు ట్యాంకులూ పొంగి మూతలు లేస్తాండాయి, ఏం చేయమంటారు?"

ఆ రాత్రి వాన లేదు. అయినా మరునాడు కదిరమ్మ పోయి చూసేసరికి కొడుకు దిబ్బ జానెడు కుంగి ఉంది. ఆమె దాని పక్కన కూర్చుని, రెండేళ్లుగా ఏడవనిది ఏడ్చింది. తిరిగొచ్చి, పాలగిన్నె తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"తోడెయ్‌. చెప్పి తోడెయ్‌."

ఉలిగమ్మ తోడేసి, "పొయ్‌రా" అంది. పొద్దున గిన్నె వంచినా జారనంత గట్టి పెరుగు. అత్త రెండు కంచాల్లో సంగటి పెట్టింది, రెండూ ఇంటి లోపలే.

శుక్రవారం ఓనరు వచ్చి, పొంగుతున్న ట్యాంకులు చూసి, క్రాంతి కుమార్‌ భుజం తట్టి వెళ్లాడు. శనివారం పొద్దు వాలేవేళకు నూటా ఇరవై ముంతలూ మామూలుగా ఉలిగమ్మ వాకిట్లోకి వచ్చాయి. ఆమె అందులోంచి తన ముప్పై ఆరు ఏరుకుంది.

"తక్కినవి?" అన్నాడు ఓబుళప్ప.

"తక్కినవి కడగల్లంటే నాకు కూలి ఇయ్యల్ల. కంపెనీ కాగితంలో రాసి ఇయ్యల్ల."

క్రాంతి కుమార్‌ బెంగళూరుకు ఫోను చేశాడు. కడగడానికి కూలి ఇచ్చే పద్ధతి కంపెనీలో లేదన్నారు. చీర మాత్రం పంపారు. ఉలిగమ్మ దాన్ని చించి ముంతల మూతులకు గుడ్డలు కట్టుకుంది. సన్నటి గుడ్డ, బాగా పనికొచ్చింది.

షెడ్డు మరుసటి ఏడు మూతబడింది. గీత కార్మికుల్లో పరిశుభ్రత లోపించడమే కారణమని కంపెనీ చివరి నివేదికలో రాశారు. ఉలిగమ్మ ఆ ముప్పై ఆరు చెట్లనూ పదకొండేళ్లు గీసింది. ఇంకొకరి ముంత ఎన్నడూ కడగలేదు.